క్రోన్స్‌లో పేగు సన్నబడింది, ఫిస్టులా కూడా ఉంది. తిండి ఏంటి, కషాయాల సంగతేంటి?

గోదారిగట్టు
తమ్ముడికి 27. క్రోన్స్ (పేగు గోడ వాచి పుళ్లు పడే దీర్ఘకాలిక జబ్బు) అని తేలి మూడేళ్లు. మొన్న ఎంఆర్ ఎంటరోగ్రఫీ (పేగుల ఎంఆర్ఐ) చేయిస్తే చిన్నపేగు చివర, అంటే టెర్మినల్ ఇలియంలో, 4 సెం.మీ. పొడవు స్ట్రిక్చర్, అంటే సన్నబడిన చోటు, ఉందని, దాని పైన పేగు 3.2 సెం.మీ.కి ఉబ్బిందని రాశారు. మలద్వారం పక్కన ఒక ఫిస్టులా, అంటే లోపలి నుంచి చర్మానికి పడిన సన్నటి దారి, రసి కారుతూనే ఉంటుంది. కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాపుని చూపే మలపరీక్ష) 840. ఎత్తు 173 సెం.మీ., బరువు 49 కిలోలు. ఇమ్యూనిటీని అణిచే అజాథయోప్రిన్ 100 మి.గ్రా. నడుస్తోంది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇంజెక్షన్ మొదలెడదాం అన్నారు, దానికి ముందు టీబీ పరీక్షలు చేస్తున్నారు.

తిండి గురించి డాక్టర్ని అడిగితే "కారం తగ్గించండి, ఇంటి భోజనం పెట్టండి" అన్నారు, అంతే. ఇక ఇంట్లో సలహాలకి కొదవ లేదు. పెద్దమ్మ కొర్రన్నం, పొద్దున్నే తిప్పతీగ కషాయం, రాత్రి త్రిఫల అంటుంది. ఒక బంధువు శల్లకి గోలీలు, పసుపు క్యాప్సూల్స్ పంపారు. బాబాయి ఫిస్టులాకి క్షారసూత్రం కట్టిద్దాం అంటున్నాడు. వీటిలో ఏది పెట్టొచ్చు, ఏది కూడదు? కారణంతో సహా చెప్పండి, ఇంట్లో వాదించాల్సింది నేనే.

కత్తిపీట
త్రిఫల ఇవాళే ఆపండి. మిగతావి తీరిగ్గా మాట్లాడుకుందాం.

పప్పుకట్టు
కత్తిపీట ఒక్క ముక్కలో తేల్చేశారు కానీ కారణం అడిగారు కాబట్టి రాస్తున్నా. నేను చేసేది డైటీషియన్ పని.

క్రోన్స్‌కి ఒకే పథ్యం ఉండదు. పేగు ఏ ఆకారంలో ఉందో దాన్నిబట్టే తిండి. వాపు మాత్రమే ఉన్నవాడికి ఒకటి, సన్నబడినవాడికి ఒకటి, ఆపరేషన్ చేసి ముక్క తీసేసినవాడికి పూర్తిగా ఇంకొకటి. మీ రిపోర్టులో అసలు మాట "పైన 3.2 సెం.మీ.కి ఉబ్బింది" అన్నది. సన్నటి చోటు దాటించలేక పైన పేగు సాగిపోతోందని అర్థం. తూము సగం పూడుకుపోయినప్పుడు నీళ్లు పోతాయి, గడ్డీగాదం పోదు. కాబట్టి ఈ అబ్బాయికి పీచు, తొక్క, గింజ, నార ఈ నాలుగూ శత్రువులు. కారం వాటి తర్వాతే. కారం మంట పుట్టిస్తుంది, అడ్డం పడదు.

అన్నం: గ్లాసు పాత బియ్యానికి నాలుగు గ్లాసుల నీళ్లు, కుక్కర్లో ఐదారు విజిల్స్. మెతుకు వేళ్ల మధ్య నలిపితే పేస్టు కావాలి. కడుపు ఉబ్బరంగా ఉన్న రోజు ఒకటికి ఎనిమిది నీళ్లు పోసి జావ. దంపుడు బియ్యం, బ్రౌన్ రైస్ వద్దు.
పప్పు: చాయపెసరపప్పు మాత్రమే. పొట్టు పెసలు, శనగలు, అలసందలు, రాజ్మా వద్దు. ఉడికాక పప్పుగుత్తితో మెదిపి సన్న జల్లెడలో వడకట్టి కట్టు తియ్యండి. ఇంగువ వెయ్యొచ్చు.
కూరలు: సొర, బీర, పొట్ల, బూడిదగుమ్మడి, క్యారెట్, ఆలు. తొక్క తీసి, గింజల భాగం చెంచాతో గీకేసి, మామూలు కంటే రెట్టింపు సేపు ఉడికించాలి. సొరకాయ ముక్క ముందు నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే కాయంతా పారెయ్యాలి. చేదు సొరకాయ రసం తాగి రక్తం కక్కుకున్నవాళ్లున్నారు.
పోపు: ఆవాలు, జీలకర్ర, కరివేపాకు వేగాక నూనె వడకట్టి ఆ నూనె మాత్రం కలపండి. వాసన వస్తుంది, గింజ రాదు.
టిఫిను: ఇడ్లీ, మెత్తటి దోసె, బొంబాయి రవ్వ ఉప్మా. కొబ్బరి చట్నీ, పల్లీ చట్నీ వద్దు. ఇడ్లీకి నెయ్యీ పప్పుకట్టూ చాలు.
పళ్లు: బాగా ముగ్గిన అరటిపండు, బొప్పాయి, పీచులేని బంగినపల్లి, తొక్క తీసి ఉడికించిన యాపిల్. బత్తాయి, దానిమ్మ వడకట్టిన రసంగా మాత్రమే. జామ, పనస, అనాస, ఎండుద్రాక్ష, ఖర్జూరం దగ్గరికి రానివ్వొద్దు.

రోజుకి మూడు పెద్ద భోజనాలు కాదు, ఆరు చిన్నవి. ప్రతి ముద్దా నోట్లోనే జావ అయ్యేదాకా నమలాలి.

నల్లకుంట_నరసు
గోంగూర, మునక్కాడ, ఆవకాయ మూడూ పోయాయన్నమాట. ఇక మిగిలిన జీవితం ఏంటండీ, ఆధార్ కార్డు మీద ఊరి పేరేనా.

పప్పుకట్టు
@నల్లకుంట_నరసు గోంగూర పూర్తిగా మానాలి, నార ఎక్కువ. మునక్కాడ ముక్క వద్దు కానీ చారులో ఉడికించి పిప్పి తీసేస్తే చారు పర్లేదు. మునగాకు పొడి మాత్రం వద్దు. ఆవకాయలో ముక్క, టెంక, ఆవపిండి ముద్ద కాకుండా పైన తేలే ఊట అర చెంచా అన్నంలో కలిపితే పేగు ఏమీ అనదు. మంట పుడితే అది కూడా ఆపండి.

అంబలి_అభిమాని
కొర్రల్ని అంత తేలిగ్గా తోసేయకండి. సిరిధాన్యాల్లో పీచు పేగులకి మంచిదని ప్రపంచమంతా అంటోంది. పీచు లేకపోతే పేగులో మంచి బాక్టీరియా బతకదు.

పప్పుకట్టు
పీచు చెడ్డదని అనలేదు. స్ట్రిక్చర్ లేని, జబ్బు అణిగిన క్రోన్స్‌లో పీచు తినమనే చెప్తాం. జబ్బు అణిగాక కూడా భయంతో ఏళ్ల తరబడి తెల్లన్నం, బ్రెడ్డు మీద ఉండిపోవడం తప్పే. కానీ ఈ రిపోర్టుకి కొర్రలు కుదరవు. ఎంత ఉడికించినా గింజ గింజగానే మిగులుతుంది. రాగులు ఇంకా కష్టం, పై పొరని బియ్యంలాగా పాలిష్ పట్టలేరు, తౌడుతో సహా పిండిలోకి వచ్చేస్తుంది. అంత మోజుగా ఉంటే రాగులు రాత్రి నానబెట్టి, రుబ్బి, పల్చటి గుడ్డలో పిండి, దిగిన పాలు మాత్రం కాచి జావ చెయ్యండి, పసిపిల్లలకి చేసినట్టు. పిప్పి బయటికి పోతుంది.

అంబలి_అభిమాని
రాగిపాలు ఒప్పుకున్నారు కదా, సగం గెలిచినట్టే.

మందుల_బల్ల
ఫార్మసీ వైపు నుంచి. అడ్డం పడేవాటి జాబితాలో ఆరోగ్యం పేరుతో ఇంట్లోకి వచ్చేవి మూడున్నాయి. ఇసబ్‌గోల్, సబ్జా గింజలు, చియా. మూడూ నీళ్లు పీల్చి ఉబ్బుతాయి. మామూలు మనిషికి మలబద్ధకం తీరుస్తాయి, సన్నబడిన పేగులో బిరడా బిగించినట్టు అవుతాయి. నానబెట్టిన మెంతులు కూడా అదే కోవ.

త్రిఫల, సునాముఖి, ఆముదం వేరే కోవ. ఇవి పేగుని గట్టిగా పిండిస్తాయి. ముందు దారి లేనప్పుడు పిండితే నొప్పి, వాంతి, మరీ చెడితే చిల్లు. కత్తిపీట చెప్పింది ఇందుకే. త్రిఫల తీవ్రత సునాముఖి అంత కాదు, నిజమే. అయినా 3.2 సెం.మీ. ఉబ్బు చూశాక ఆ తేడా లెక్కలోకి రాదు.

నొప్పికి ఏం వాడుతున్నాడో రాయలేదు. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్, అసిక్లోఫినాక్, నిమెసులైడ్ ఉన్న ఏ బిళ్లా వెయ్యకూడదు, పుళ్లు రేగుతాయి. పారాసెటమాల్ వెయ్యొచ్చు. వీధి చివర కొట్లో "ఒళ్లునొప్పుల బిళ్ల" అని అడిగితే రెండూ కలిపినదే చేతిలో పెడతారు. స్ట్రిప్ వెనక చదవండి.

గోదారిగట్టు
పోయిన ఆదివారం సబ్జా వేసిన నిమ్మరసం రెండు గ్లాసులు తాగాడు. ఆ రాత్రి కడుపు రాయిలా ఉబ్బింది, తెల్లారి తగ్గింది. గ్యాస్ అనుకున్నాం.

వార్డు_రౌండ్స్
అది గ్యాస్ కాదు, కొంతసేపు దారి మూసుకుంది. ఇంకోసారి వస్తే ఎంతసేపు చూడాలో రాసిపెట్టుకోండి. నొప్పి అలలు అలలుగా వస్తూ పొట్ట ఉబ్బి వాంతి అయితే నోటి ద్వారా ఏమీ ఇవ్వకుండా ఆసుపత్రికి. కింద గాలి కూడా పోవడం ఆగిపోతే అర్ధరాత్రి అయినా సరే. చలిజ్వరం, పొట్టలో ఒకచోట చెయ్యి పెట్టనివ్వనంత నొప్పి, లేదా ఫిస్టులా కారడం ఆగి అక్కడ గడ్డ కట్టి నొప్పి పుడితే లోపల చీము చేరిందని అనుకోవాలి. రసి ఆగింది, నయమైందని సంబరపడేది సరిగ్గా అప్పుడే.

చీము ఉండగా స్టెరాయిడ్ గానీ ఇన్‌ఫ్లిక్సిమాబ్ గానీ ఇవ్వరు. ముందు దాన్ని తీయాలి. కటి భాగానికి ఎంఆర్ఐ తీశారా?

గోదారిగట్టు
పెల్విక్ ఎంఆర్ఐ బుధవారం. క్రోన్సే అని వాళ్లకి ఖాయమే అట, అయినా టీబీ పరీక్ష మళ్లీ ఎందుకో అర్థం కాలేదు.

వార్డు_రౌండ్స్
రెండు కారణాలు. మన దేశంలో పేగు టీబీ, క్రోన్స్ కవలల్లా ఉంటాయి. రెండూ ఇలియం చివరే కూర్చుంటాయి, రెండింట్లోనూ గ్రాన్యులోమాలు (వాపు కణాల చిన్న ముద్దలు) కనిపిస్తాయి. అడ్డంగా ఉన్న పుళ్లు, నోరు తెరుచుకుపోయిన ఇలియోసీకల్ వాల్వు (చిన్నపేగు పెద్దపేగులో కలిసే చోటి కవాటం) టీబీ వైపు లాగుతాయి. నిలువు పుళ్లు, మధ్యమధ్య బాగున్న పేగు, మలద్వారం దగ్గర ఫిస్టులా క్రోన్స్ వైపు. మీవాడికి ఫిస్టులా ఉంది కాబట్టి మొగ్గు అటే.

రెండోది, ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి యాంటీ టీఎన్ఎఫ్ మందులు ఒంట్లో నిద్రపోతున్న టీబీని లేపుతాయి. అందుకే ఛాతీ ఎక్స్‌రే, ఇగ్రా రక్తపరీక్ష. పాజిటివ్ వస్తే ముందు కనీసం నెల రోజులు నివారణ మందులు వాడాకే మొదలెడతారు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ లెక్క కిలోకి 5 మి.గ్రా., 0, 2, 6 వారాల్లో, ఆ తర్వాత ప్రతి 8 వారాలకి. పచ్చిపాలు, పచ్చిగుడ్డు, రోడ్డు పక్క చెరుకురసం అప్పటినుంచీ వద్దు.

మారేడుదళం
ఆయుర్వేదం చదివినదాన్ని కాబట్టి క్షారసూత్రం నాకు వదిలెయ్యండి. అది మూఢనమ్మకం కాదు, మంచి పద్ధతి. 20 నంబరు లినెన్ దారానికి ఆకుజెముడు పాలు 11 పూతలు, ఆ పాలూ ఉత్తరేణి క్షారం కలిపి 7, పాలూ పసుపూ కలిపి 3, మొత్తం 21 పూతలు. ఒక్కో పూతా ఆరాక తరవాతది. ఫిస్టులాలోంచి దూర్చి కట్టి వారానికోసారి మారుస్తారు. దారం మెల్లగా కోసుకుంటూ వస్తుంది, వెనకే మానుకుంటూ వస్తుంది. 1991లో ఐసీఎంఆర్ అచ్చేసిన పలుకేంద్రాల ట్రయల్లో మామూలు ఫిస్టులాలకి ఆపరేషన్ కంటే తిరగబెట్టడం తక్కువే, 11 శాతానికి 4 శాతం. మానడానికి మాత్రం ఎక్కువ వారాలు పట్టింది.

కానీ అది మలద్వారం దగ్గరి గ్రంథి చీముపట్టి వచ్చిన మామూలు ఫిస్టులా. క్రోన్స్ ఫిస్టులా పేగు గోడలో జబ్బు వల్ల వస్తుంది. రోగం మండుతుండగా దారం కోసుకుంటూ పోతే వెనక మానదు, పుండు మిగులుతుంది. పైగా మలాన్ని పట్టి ఉంచే కండరం తెగితే జీవితాంతం అదుపు ఉండదు. బాబాయికి ఇలా చెప్పండి: సర్జన్లు కూడా దారమే వేస్తారు, పేరు సీటన్. అది బిగించరు, వదులుగా వేస్తారు. కోయడానికి కాదు, చీము బయటికి కారడానికి దారి. ఆ దారి ఉండగా ఇన్‌ఫ్లిక్సిమాబ్ పని చేస్తుంది.

కత్తిపీట
అంటే బాబాయి సగం కరెక్టు. దారం సరే, బిగింపు తప్పు.

అంబలి_అభిమాని
ఆయుర్వేదం చదివినవాళ్లే వద్దంటే ఇక మూలికల్లో ఏమీ లేదనేనా?

మారేడుదళం
తొందరపడకండి. జబ్బు ముదిరి పేగు ఆకారం మారాక మూలిక దాన్ని వెనక్కి తిప్పదు అంటున్నా, అంతే. పాలకొడిశ బెరడు, అంటే కుటజ ఘనవటి, అమీబా జిగట విరేచనాలకి పెట్టింది పేరు. క్రోన్స్‌లో విరేచనం కట్టినట్టు కనిపిస్తుంది, లోపల వాపు అలాగే ఉంటుంది. సన్నబడిన పేగులో విరేచనం కట్టించడం మేలా అన్నది ఇంకో ప్రశ్న.

మా శాస్త్రంలో ఇతనికి నేరుగా పనికొచ్చేది మందు కాదు, పథ్యం. శోధన, అంటే వాంతి, విరేచనాలతో ఒళ్లు శుద్ధి చెయ్యడం, తర్వాత ఆకలిని మెట్లు మెట్లుగా లేపే సంసర్జన క్రమం ఉంది. ముందు మండం, అంటే గంజితేట. తర్వాత పేయ, మెతుకు తక్కువగా ఉన్న జావ. తర్వాత విలేపి, ముద్దజావ. ఆపైన యూషం, పప్పుకట్టు. చివర మామూలు అన్నం. పేగు అడ్డుపడి ఆసుపత్రి నుంచి వచ్చాక డాక్టరు నోటితో తినొచ్చు అన్న రోజు నుంచి ఇదే వరస రెండేసి పూటలు పాటించండి. ఒక మెట్టు మీద నొప్పి వస్తే కింది మెట్టుకి దిగండి. పప్పుకట్టు గారు పెట్టుకున్న పేరు కూడా యూషమే!

పప్పుకట్టు
ఆ పేరుకి ఇంత పెద్ద గోత్రం ఉందని ఇప్పుడే తెలిసింది.

మందుల_బల్ల
@మారేడుదళం అరిష్టాల సంగతి కూడా చెప్పాల్సింది. కుటజారిష్టం, ద్రాక్షారిష్టం పులిసి తయారయ్యేవి, లేబుల్ మీదే సహజంగా పుట్టిన ఆల్కహాల్ శాతం రాసి ఉంటుంది. ఫిస్టులాకి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాస్తారు కదా, దానితో ఆల్కహాల్ వద్దంటారు. డాక్టరుతో "మందు ముట్టడు" అని ప్రమాణం చేసి ఇంట్లో పూటకి నాలుగు చెంచాల అరిష్టం పోస్తారు.

మారేడుదళం
ఒప్పుకుంటున్నా, అది మర్చిపోయాను. భస్మాలూ (లోహాలు కాల్చి చేసే పొడులు) వద్దు.

మందుల_బల్ల
తిప్పతీగ. కోవిడ్ రోజుల్లో ఇంటింటా కాచుకున్నాక మన దేశంలోనే కాలేయం వాచిన కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి, రోగనిరోధకం తన కాలేయం మీదే తిరగబడిన తరహా. ఇక్కడ రెండు తంటాలు. అజాథయోప్రిన్ కూడా కాలేయాన్ని తాకగలదు. ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బ చూపే రక్తపరీక్ష) పెరిగితే ఎవరి పనో తెలియక డాక్టరు అజాథయోప్రిన్ ఆపేస్తారు, అసలు దొంగ కషాయం గిన్నెలో ఉంటుంది. రెండోది, క్రోన్స్ అంటేనే ఇమ్యూనిటీ తన పేగు మీద దాడి చెయ్యడం. దాన్ని పెంచుతామని పొడులు పొయ్యడం దేనికి? అశ్వగంధ కూడా ఈ లెక్కలోదే.

శల్లకి, అంటే అందుగు చెట్టు బంక. జర్మనీలో 82 మంది క్రోన్స్ రోగులకి, జబ్బు అణిగి ఉన్నప్పుడు, 52 వారాలు ఇచ్చి చూశారు, 2011లో వచ్చింది. హాని లేదు, ఉత్తి మాత్ర కంటే లాభమూ లేదు.

పసుపు. 2006లో జపాన్ ట్రయల్లో రోజుకి 2 గ్రాముల కర్క్యుమిన్ ఉపయోగపడింది, కానీ అది పెద్దపేగులో పుళ్లు పడే వేరే జబ్బు, అల్సరేటివ్ కొలైటిస్‌లో, అసలు మందుకి తోడుగా. క్రోన్స్‌లో ఆపరేషన్ అయిన 62 మందికి ఫ్రాన్స్‌లో అజాథయోప్రిన్‌తో పాటు రోజుకి 3 గ్రాములు ఆరునెలలు ఇచ్చారు, 2020 నాటి మాట. ఫలితం సున్నా. వంట పసుపులో కర్క్యుమిన్ సుమారు 3 శాతం, అంటే ఆ 3 గ్రాములకి వంద గ్రాముల పసుపు తినాలి. కూరలో చిటికెడు వేస్తే నష్టమేం లేదు, మిరియంసారం కలిపిన క్యాప్సూల్స్ మాత్రం కాలేయాన్ని దెబ్బతీసిన కేసులున్నాయి.

నల్లకుంట_నరసు
వంద గ్రాముల పసుపు అంటే పెళ్లికొడుకు స్నానానికే సరిపోద్ది.

డల్లాస్_దోసె
జర్మన్ వార్మ్‌వుడ్ (ఒక చేదు మూలిక) ట్రయల్ సంగతి ఎవరూ చెప్పలేదు. 2007, 40 మంది, 500 మి.గ్రా. రోజుకి మూడుసార్లు, 10 వారాలు. స్టెరాయిడ్ తగ్గిస్తున్నా చాలామంది నిలబడ్డారు.

మందుల_బల్ల
నిజమే, ఆసక్తికరమైనదే. కానీ చిన్న ట్రయల్, పైగా ఆ మొక్కలో థుజోన్ అనే పదార్థం ఉంటుంది, మోతాదు మీరితే ఫిట్స్. మన మాచిపత్రి దాని చుట్టమే కానీ అదే మొక్క కాదు. ఇది చదివి వినాయకచవితి పత్రి కషాయం కాచేవాళ్లు బయల్దేరతారని ముందే చెప్తున్నా.

ఇంకోటి. పేరూ లేబులూ లేని పొడి రెండు రోజుల్లో అద్భుతంగా పనిచేస్తే సంతోషించకండి. నాటుపొడుల్లో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ కలిపి అమ్మడం చాలాసార్లు బయటపడింది. ఆకలి విపరీతంగా వేసి ముఖం గుండ్రంగా వాస్తే అదే. వాడుతున్నది ఒక్కసారిగా ఆపకుండా డాక్టరుకి చూపించండి. భస్మాల్లో సీసం సంగతి, 2004లో అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద సరుకుల్లో 14 చోట్ల సీసం, పాదరసం, ఆర్సెనిక్ దొరికాయి. సీసం ఒంట్లోకెక్కితే వచ్చేదీ కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనతే. క్రోన్స్ తిరగబెట్టిందని అనుకుంటాం.

సీసాపాలు
ఇంతమంది ఇన్ని చెప్పారు, అసలు పనిచేసే పథ్యం ఇంకా రాలేదు. ఈఈఎన్ (ఎక్స్‌క్లూజివ్ ఎంటరల్ న్యూట్రిషన్): అన్నీ ఆపి ఆరు నుంచి ఎనిమిది వారాలు డబ్బా పోషక ద్రవం ఒక్కటే. పిల్లల క్రోన్స్‌లో ఇదే మొదటి వైద్యం, స్టెరాయిడ్‌కి బదులు. పెద్దల్లో వాపు అణచడానికి, ఆపరేషన్ ముందు ఒళ్లు నిలబెట్టడానికి వాడతారు. స్ట్రిక్చర్లో ద్రవం కాబట్టి దాటుతుంది. వాపు వల్ల సన్నబడిన భాగం తగ్గొచ్చు. మచ్చకట్టి గట్టిపడిన భాగాన్ని ఏ తిండీ కరిగించదు, దానికి ఎండోస్కోపీలో బెలూన్ ఉబ్బించి సాగదీయడం గానీ కత్తి గానీ. 5 సెం.మీ. లోపు పొడవైతే బెలూన్‌కి వీలుంటుంది కాబట్టి 4 సెం.మీ. అన్నది డాక్టర్ని అడగదగ్గ సంగతి.

లెక్క: 49 కిలోలకి కిలోకి 30 చొప్పున సుమారు 1500 కేలరీలు. ఈ ద్రవాలు సాధారణంగా మి.లీ.కి ఒక కేలరీ కాబట్టి లీటరున్నర, 250 మి.లీ. చొప్పున ఆరుసార్లు. డబ్బా మీద ఉన్న కొలతకి నీళ్లు తక్కువ పోసి చిక్కగా చేస్తే విరేచనాలు పట్టుకుంటాయి. చల్లగా, అరగంట పట్టేలా గుక్కగుక్కగా. కలిపింది ఫ్రిజ్‌లో 24 గంటలు, బయట నాలుగు గంటలు మించి ఉంచొద్దు.

ఇతని విషయంలో మొదటిరోజే 1500 పొయ్యకూడదు. బీఎంఐ 16.4. ఆకలికి అలవాటైన ఒంటికి ఒక్కసారిగా పోస్తే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం కిందికి జారి గుండె లయ తప్పుతుంది. రీఫీడింగ్ అంటారు. ముందు ఆ మూడూ పరీక్ష చేయించి, థయమిన్ (విటమిన్ బీ1) మొదలెట్టి, కిలోకి 10 చొప్పున 500 కేలరీలతో మొదలై వారంలో పూర్తి లెక్కకి. ఇది ఇంట్లో సొంతంగా చేసే పని కాదు, మొదటి వారం రక్తపరీక్షలు చేసేవాళ్ల కిందే చెయ్యాలి.

గోదారిగట్టు
ఆరు వారాలు అన్నం లేకుండానా? పాలు, గుడ్డు, అరటిపండు మిక్సీలో వేసి ఇస్తే అదీ ద్రవమే కదా?

సీసాపాలు
అది పోషణకి తోడు, ఈఈఎన్ కాదు. విటమిన్లు, ఖనిజాలు లెక్క కుదరవు, పాలలో లాక్టోజ్ ఇలియం జబ్బులో చాలామందికి పడదు. గుడ్డు ఎప్పుడూ ఉడికించే.

అన్నం విడవలేనివాళ్లకి మధ్య దారి ఉంది, సీడీఈడీ, అంటే క్రోన్స్ కోసం కూర్చిన పథ్యం. సగం కేలరీలు డబ్బా ద్రవం, సగం ఎంచిన తిండి. మొదటి ఆరు వారాల్లో రోజూ కోడిరొమ్ము 150 నుంచి 200 గ్రాములు, రెండు గుడ్లు, ఉడికించి చల్లార్చిన రెండు ఆలుగడ్డలు, రెండు అరటిపళ్లు, ఒక యాపిల్. అన్నం పర్లేదు. గోధుమ, పాల పదార్థాలు, ప్యాకెట్ తిండి బంద్. తర్వాతి ఆరు వారాలు ద్రవం పావువంతుకి దింపుతారు. 2019లో పిల్లల ట్రయల్లో ఈఈఎన్‌కి దీటుగా నిలిచింది, ఎక్కువమంది పాటించగలిగారు. మీవాడికి యాపిల్ ఉడికించి మెదిపి. శాకాహారులకి ప్రోటీను దగ్గర చిక్కు.

పప్పుకట్టు
ప్రోటీను మాటొచ్చింది కాబట్టి. మండుతున్న జబ్బులో కిలోకి 1.2 నుంచి 1.5 గ్రాములు, అంటే ఇతనికి రోజుకి 60 నుంచి 73. గుడ్డు 6, వంద గ్రాముల చేప 20 దాకా. కొరమీను అయితే ముళ్లు తక్కువ, బొచ్చెలో సన్నముళ్లు వదిలిపోవు. పప్పుకట్టు మీద భ్రమ పెట్టుకోకండి, వడకట్టాక ప్రోటీను కొంచెమే. పెరుగు పాల కంటే పడుతుంది.

అంబలి_అభిమాని
చద్దన్నం పెరుగు?

పప్పుకట్టు
మెత్తగా వండిన అన్నం, రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి పొద్దున తింటే నాకు అభ్యంతరం లేదు. ఉల్లిపాయ కొరుక్కోవడం మాత్రం లేదు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ మొదలయ్యాక రాత్రంతా బయట పులిసినది వద్దు.

డల్లాస్_దోసె
ప్యాకెట్ తిండి బంద్ అన్నారు కదా, లేబుల్ మీద వెతకాల్సినవి: 466 కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, 433 పాలిసోర్బేట్ 80, 407 క్యారజీనన్, పేరుతోనే రాసే మాల్టోడెక్స్‌ట్రిన్. ఇండియాలో ముందు ఐఎన్ఎస్ అని, యూరప్‌లో ఈ అని, అమెరికాలో పేరే. ఐస్‌క్రీములు, క్రీమ్ బిస్కట్లు, టెట్రాప్యాక్ మిల్క్‌షేకుల్లో ఎక్కువ. మొదటి రెండూ ఎలుకల్లో పేగు జిగురుపొరని పలచన చేశాయి.

కత్తిపీట
మాల్టోడెక్స్‌ట్రిన్ సీసాపాలు గారి డబ్బాల్లోనే దండిగా ఉంటుంది!

సీసాపాలు
ఉంటుంది. అయినా ఈఈఎన్ పనిచేస్తుంది. అందుకే ఒక్క పదార్థం పేరు పట్టుకుని దోషిని తేల్చేయడం నాకు నచ్చదు.

వార్డు_రౌండ్స్
ఒకవేళ ఆపరేషన్‌కే వెళ్తే పథ్యం తలకిందులవుతుంది. ఇలియం చివర బీ12, పైత్యరసం పీల్చుకునే చోటు. 20 సెం.మీ. మించి తీసేస్తే బీ12 ఇంజెక్షన్లు, 1000 మైక్రోగ్రాములు, నెలకో మూడు నెలలకో. తినగానే నీళ్ల విరేచనం అయితే పైత్యరసం పెద్దపేగులోకి జారుతోందని, దానికి కొలెస్టిరమైన్ పొడి. మిగతా మందులు దానికి గంట ముందు లేదా నాలుగు గంటల తర్వాత, లేకపోతే వాటినీ పట్టేసుకుంటుంది.

కొవ్వు పీల్చుకోక మలంలో పోతుంటే కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు. అప్పుడు పాలకూర, బచ్చలి, బీట్‌రూట్, పల్లీలు, చిక్కటి టీ, పసుపు క్యాప్సూల్స్ తగ్గించి, కాల్షియం భోజనంతో పాటే.

పొట్టమీద స్టోమా (మలం సంచిలోకి పోయేలా పేగుని బయటికి తెరిచిన ద్వారం) పెట్టి సంచి లీటరున్నర దాటి నిండుతుంటే మంచినీళ్లు ఎక్కువ తాగించడం తప్పు. ఉప్పులేని నీళ్లు ఒంట్లో ఉప్పుని లాక్కుపోతాయి. లీటరు నీళ్లకి గ్లూకోజ్ 20 గ్రాములు, ఉప్పు మూడున్నర, తినే సోడా రెండున్నర గ్రాములు. రోజంతా అది గుక్కగుక్కగా తాగించి, మిగతా నీళ్లూ టీలూ అర లీటరు నుంచి లీటరు లోపు. కొబ్బరినీళ్లలో పొటాషియమే ఎక్కువ, సోడియం తక్కువ, దీనికి బదులు కాదు.

నల్లకుంట_నరసు
బీడీ సిగరెట్ సంగతి ఎవరూ ఎత్తలేదు.

వార్డు_రౌండ్స్
థాంక్స్. పొగ తాగుతుంటే పైన రాసిందంతా సగానికి సగం దండగ. క్రోన్స్‌ని ముదర్చడంలో, ఆపరేషన్ తర్వాత తిరగబెట్టించడంలో దానికి మించింది తిండిలో లేదు.

మారేడుదళం
ఫిస్టులా దగ్గర గోరువెచ్చటి నీళ్ల టబ్బులో పది పదిహేను నిమిషాలు, రోజుకి రెండుమూడు సార్లు కూర్చోబెట్టండి. ఉత్త నీళ్లే. డెట్టాల్, పటిక, వేపాకు ఏమీ వద్దు, చర్మం ఒరుస్తుంది. మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టాలి, రుద్దకూడదు.

గోదారిగట్టు
పొగ లేదు. త్రిఫల, సబ్జా, కొర్రలు, తిప్పతీగ, పసుపు క్యాప్సూల్స్ అన్నీ ఇవాళ అటక ఎక్కాయి. శల్లకి వెనక్కి పంపిస్తే బంధువు అలుగుతారు, అదొక్కటే బీరువాలో ఉంటుంది. ఈఈఎన్ గురించి రేపు డాక్టర్ని అడుగుతా. పెద్దమ్మ సంసర్జన క్రమం అనగానే మెత్తబడింది, మూడు పూటలా జావ తనే కాస్తానంది. బీరకాయ కూర వాడికి, ఆ తొక్కుతో పచ్చడి నాకు.

పప్పుకట్టు
తొక్కు పచ్చడి నూరిన రోలు బాగా కడిగాకే అతని కూర మెదపండి, లేకపోతే పచ్చడిలో వేసిన నువ్వులు అందులోనే ఉండిపోతాయి.

సీసాపాలు
ఫాస్ఫేటు రిపోర్టు రాగానే ఇక్కడ పెట్టండి. అది చూడకుండా 500 దాటించొద్దు, పెద్దమ్మ జావ కూడా ఆ 500 లోదే.